మా వంటింటి కిటికీకేసి చూసిన చెప్పు

మొన్న మా ఇంటికీ సలీం వాళ్ళ ఇంటికీ మధ్యనున్న గోడ పడగొట్టడానికి వచ్చిన మనుషులు పొద్దున్నే పని ఆపేసి కూర్చున్నారు. ఈ అరబ్బుల ఊళ్ళో, సీబ్‌లో, గోడ పనివాళ్ళు మధ్యలో చేతులు కట్టుకు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఎండకీ ఆకలికీ కంపెనీవాడి కేకలకీ దేనికీ ఆగని మనుషులు దేనికి ఆగారో చూద్దామని బయటికి వెళ్ళాను. గోడంతా అల్లుకున్న కాగితప్పూల తీగ నరికేసిన చోట ఒక తుప్పు పట్టిన మేకు, దానికి వేలాడుతూ ఒక హవాయి చెప్పు. ఎడమకాలిది. బద్దీ తెగి ఒక పక్కకి వాలిపోయి ఉంది. నీలం రంగన్నది ఒకప్పుడు ఉండేదని నాకు తెలుసు కాబట్టి కనిపించింది గానీ, కొత్తవాళ్ళకి అదొక ఎండిన చేపలా కనిపించి ఉంటుంది.

పనివాళ్ళలో పెద్దవాడు రాజయ్య, జగిత్యాల మనిషి. మేము తెలుగువాళ్ళమని తెలిసిన దగ్గర్నుంచీ నన్ను అక్కా అంటున్నాడు.

"అక్కా, గీ చెప్పు మీదేనా?"

"మా అత్తగారిది."

"జర పిలువుండ్రి ఆమెను. ఆమెనే తీసుకోమనుండ్రి. మేం ముట్టం."

"ఆవిడ పోయి చాలా కాలమైంది నాయనా."

రాజయ్య వెనక్కి జరిగాడు. "ఇగో, నేను జెప్తలేనా!" అని తోటివాళ్ళకేసి తిరిగాడు. "సచ్చిపోయినామె చెప్పట!"

"చేతబడి కాదయ్యా. దిష్టికి కట్టింది, మొక్కలకి."

"దిష్టికా? గట్ల జెప్పరాదక్కా! మా దిక్కు గూడ కడ్తరు." అతని మొహం విప్పారింది. "ఎవల దిష్టికి?"

"నా దిష్టికి," అన్నాను.

అతను మళ్ళీ వెనక్కి జరిగాడు. చివరికి ఆ చెప్పుని నేనే పీకి, లోపలికి తెచ్చి, వంటింటి గట్టు మీద పాత పేపరు పరిచి దాని మీద పెట్టాను. పెట్టిన చోటునుంచి కూడా అది నాకేసే చూస్తోంది. అలవాటు.

పెళ్ళయి నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఇదే ఇంట్లో కింది వాటాలో దిగాం. ఇంటి ఓనరు సలీం, ఆయన తల్లి, వాళ్ళ కుటుంబం గోడకి అవతల ఇంట్లో. నేను వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం చదువుకుని డిగ్రీ పుచ్చుకున్న మనిషిని. మాటకి మాట చెప్పకపోతే ఆ పూట అన్నం సహించని మనిషిని కూడా. అప్పటికి నా ఒళ్ళో ఆర్నెల్ల పిల్ల ఉంది. దగ్గర్లోని స్కూల్లో సైన్సు టీచరు కాన్పుకి వెళ్తోందని, చలికాలం సెలవుల తర్వాత నన్ను చేరమని అడిగారు. చేరాలంటే ఇంట్లో పిల్లని చూసే మనిషి కావాలి. ఆ మనిషి మా అత్తగారు మంగతాయారుగారు. మామగారు పోయాక మా ఆయన ఆవిడని గోదావరి పక్క పల్లెటూరు నుంచి విజిట్ వీసా మీద తీసుకొచ్చారు. ఉండిపొమ్మని మేమిద్దరం బతిమాలాం. మా ఆయన ప్రేమకొద్దీ, నేను అవసరంకొద్దీ. ఆవిడకి ఆ తేడా తెలుసు. తెలిసినట్టు కనిపించకపోవడం ఆవిడ విద్య.

ఆవిడ అజాన్‌కి ముందే లేచేది. కొబ్బరినూనె వాసన, దాని వెనకాలే కాఫీ వాసన, ఆ తర్వాత బియ్యం కడిగిన నీళ్ళు బకెట్లోకి ఒంపుతున్న చప్పుడు. వాసనల్నిబట్టి టైమెంతో చెప్పొచ్చు. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు, పిల్ల స్నానం నీళ్ళు ఒక్క చుక్క మురిక్కాలవలోకి పోనిచ్చేది కాదు. ఆ నీళ్ళు పొయ్యడానికి మొక్క లేదు. ఉన్నది గోడవార నాలుగడుగుల ఇసక. పొద్దున్నే బకెట్ పట్టుకుని ఆ ఇసక ముందు నిలబడి, "ఇదేం మట్టే అమ్మాయ్, జల్లించిన గోధుమపిండిలా ఉంది," అని నన్నేదో నేను జల్లించినట్టు చూసేది.

ఒకరోజు భోజనాల దగ్గర తేల్చేసింది. "ఒరే శీనూ, నేను ఉండనని అంటల్లేదు. నా వెంట ఆనప గింజలు తెచ్చుకున్నాను. ఈ నేల మీద ఒక్క ఆనపకాయ కాసిందా, ఉంటాను. కాయలేదా, వీసా అయిపోయేలోగా టిక్కెట్టు తీసెయ్. తీగె బతకనిచోట మనిషేం బతుకుతాడ్రా?"

మా ఆయన ఆడిటరు. కంపెనీల లెక్కల్లో తప్పులు పట్టే మనిషికి తల్లి లెక్కలో తప్పెక్కడుందో కనపడలేదు. "అలాగేనమ్మా," అన్నారు. అలా నా ఉద్యోగం వెళ్ళి ఒక ఆనప పాదుకి తగులుకుంది. ప్రపంచంలో ఎంతమంది ఆడవాళ్ళ ఉద్యోగాలు దేనిదేనికి తగులుకుని ఉంటాయో నాకు తెలియదు గానీ, సొరకాయకి తగులుకున్నది నాదొక్కదానిదే అయి ఉంటుంది.

ఎండలు తగ్గాక గింజలు పెట్టింది. మొలిచాయి. బొద్దుగా, రెండేసి దళాలతో, చేతులు జోడించినట్టు లేచాయి. ఆ సాయంత్రం ఆవిడ నాతో నవ్వుతూ మాట్లాడింది. మర్నాటికి దళాల నిండా గుండ్రటి చిల్లులు. ఎర్ర పెంకు పురుగు. గోరంత కూడా ఉండదు, మెరుస్తూ అందంగా ఉంటుంది. పెద్ద తీగెని ఏమీ చెయ్యలేదు గానీ మొలక దశలో పడితే రెండు పూటల్లో కాడ మిగులుస్తుంది. పొద్దున్న చలికి మందకొడిగా ఉన్నప్పుడే పట్టుకోవాలి, ఎండెక్కితే మన నీడ పడగానే ఎగిరిపోతుంది. ఇవన్నీ నాకు తెలుసు. టీ గ్లాసులో సబ్బునీళ్ళు పోసుకుని, పొద్దున్నే గొంతుక్కూర్చుని, మొహం ఆకుకి ఆనించి ఒక్కొక్కదాన్నీ గ్లాసులో పడేసేదాన్ని.

అత్తగారికి పురుగు సంగతి తెలియక కాదు. ఆవిడ దృష్టిలో పురుగు ఉత్త నౌకరు. పంపించే యజమాని వేరే ఉంటాడు.

"పురుగు దానంతటది రాదే. ఎవరో చూస్తే వస్తుంది."

"దానికి రెక్కలున్నాయండీ. ఎవరూ చూడకపోయినా వస్తుంది."

"డిగ్రీ చదివావు కదా, ఈ ఎడార్లో మనింటి అడ్రసు దానికి ఎవరిచ్చారో చెప్పు."

"ఆనపాకు వాసన పట్టుకుని వస్తుందత్తయ్యా."

"ఇక్కడే కూర్చున్నదాన్ని, నాకే రాలేదు వాసన!"

ఊళ్ళో అయితే బూడిద చల్లేదట. పొయ్యిలో బూడిద, తెల్లవారి మంచు మీద. ఇక్కడ గ్యాసు పొయ్యి. "బూడిద కూడా పుట్టని కొంపలో కాపరం చేస్తున్నావు," అంది, అదేదో నేను పుట్టింటినుంచి తేవాల్సిన సామానైనట్టు. మొదటి విడత మొలకల్లో నాలుగైదే మిగిలాయి. మిగిలిన గింజలు పెట్టేముందు ఆవిడ తన పెట్టె అడుగునుంచి ఒక చెప్పు తీసింది. విమానం దిగీ దిగగానే బద్దీ తెగిపోయిన చెప్పు అది. ఆవిడ ఏదీ పారెయ్యదు. గోడ నెత్తి మీద మేకు కొట్టించి, చెప్పు అడుగుభాగం అవతలికి తిరిగేలా తగిలించింది. గోడకి అవతల ఒకే ఇల్లు. ఆ ఇంటికి ఇటువైపు ఒకే కిటికీ. ఆ కిటికీలో రోజంతా కూర్చునేది సలీం తల్లి.

అరబ్బులకి చెప్పు అడుగు చూపించడం కంటే పెద్ద అవమానం లేదని మా ఆయనకి తెలుసు, నాకు తెలుసు, డ్రైవర్లకీ కూలీలకీ అందరికీ తెలుసు. మా అత్తగారికి తెలియదు. చెబితే, "మన చెప్పు, మన గోడ," అంది. గోడ కూడా మనది కాదని చెప్పాల్సిన బాధ్యత కొడుకుదని నేను ఊరుకున్నాను. కొడుక్కి ఆ పూట ఆఫీసులో అర్జంటు పని తగిలింది.

మర్నాడు సలీం మా గేటు దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ లోపలికొచ్చి కూర్చునేవాడు, లోపలికి రాలేదు. "మేడమ్, మా అమ్మ మీకేం చేసింది?" అని హిందీలో ఒక్క ముక్క అడిగాడు. కోపంగా అడిగినా బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. మా ఆయనకి ఫోన్ చేస్తే, "చెప్పు తీసెయ్, అంతే," అన్నారు. తియ్యబోతే అత్తగారు గోడకి అడ్డం నిలబడింది. "తీసెయ్యవే. చెప్పు పోతే పాదు పోద్ది, పాదు పోతే నేను పోతాను. అదేగా మీకు కావల్సింది?" తీస్తే ఉద్యోగం పోతుంది, తియ్యకపోతే ఇల్లు పోతుంది. నా డిగ్రీలో ఇలాంటి ప్రశ్న ఎప్పుడూ రాలేదు.

సంజాయిషీ చెప్పుకుందామని పిల్లని చంకనేసుకుని బయల్దేరేలోపే సలీం తల్లి వచ్చేసింది. పొట్టి మనిషి, నల్ల ముసుగు, గోరింట పండిన వేళ్ళు. ఆవిడ ఎక్కడికెళ్ళినా ఆవిడకంటే ముందు లుబాన్ పొగ వాసన, ఇక్కడి సాంబ్రాణి, వెళ్ళేది. సూక్ బజారులో బట్టల కొట్లవాళ్ళ దగ్గర నేర్చుకున్న హిందీ బాగానే వచ్చు. అత్తగారికి హిందీ ఒక్క ముక్క రాదు. మధ్యలో నేను.

"ఈ చెప్పు నా మొహానికా?" అంది.

"కాదమ్మా. చూపుకి. మొక్కలకి చెడ్డచూపు తగలకుండా మా వైపు కడతారు."

"ఎవరి చూపు?"

అప్పుడర్థమైంది నేను ఎక్కడ ఇరుక్కున్నానో. అవమానం కాదు అని చెప్పడానికి, నీ కన్ను మంచిది కాదు అని చెప్పాలి. "పిట్టల చూపు," అన్నాను.

"పిట్టలు నా కిటికీలో కూర్చుంటున్నాయా?"

నాకు మాట పడిపోవడం అప్పుడే చూశారు మా అత్తగారు. చాలా సంతోషించి ఉంటారు. సలీం తల్లి ఇక నన్ను అడగలేదు. వెళ్ళి మొలకల దగ్గర చతికిలబడింది. ఒక దళాన్ని వేలితో ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, తల ఊపింది.

"చూపు తగిలింది, నిజమే. మా ఖర్జూరం చెట్టుకీ ఒకసారి ఇలాగే తగిలింది. కానీ నాది కాదు. దేవుడి దయ, మాషా అల్లా అనకుండా నేను దేన్నీ చూడను." తలెత్తి, "రోజూ పొద్దున్నే ఇక్కడ గొంతుక్కూర్చుని, మొహం ఆకుకి ఆనించి, రెప్ప వెయ్యకుండా చూసేది ఎవరు? నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను," అని గోరింట వేలు నాకేసి చూపించింది.

"ఏవంటోందే ఆవిడ?" అని అత్తగారు.

"ఏమీ లేదత్తయ్యా."

"ఏమీ లేకపోతే నీకేసి వేలెందుకు పెట్టింది?"

నేను తర్జుమా చెయ్యలేదు. అవసరం కూడా లేకపోయింది. సలీం తల్లి తన కళ్ళని రెండు వేళ్ళతో చూపించి, నన్ను చూపించి, మొలకని చూపించి, అరచేయి తిరగేసింది. అత్తగారు "నేనూ అదే అనుకుంటున్నాను సలీమమ్మా!" అంది తెలుగులో. ఇద్దరూ చేతులు పట్టుకున్నారు. భాష రాని ఇద్దరు ఆడవాళ్ళు కోడలి విషయంలో అంత తొందరగా ఒక మాట మీదకి రావడం చూస్తే, ఇన్ని దేశాలు ఇన్ని మీటింగులు ఎందుకు పెట్టుకుంటాయో అనిపిస్తుంది.

"నేను పురుగులు ఏరుతున్నానండీ! నేను ఏరకపోతే ఈపాటికి కాడలు కూడా ఉండవు!" అని రెండు భాషల్లోనూ మొత్తుకున్నాను.

"నువ్వు చూసిన రోజే పురుగులున్నాయి. నువ్వు చూడని రోజు ఒక్క పురుగూ కనపళ్ళేదు," అంది అత్తగారు.

తీర్పు అప్పటికప్పుడే అమలైంది. మేకు పీకి గోడకి మా వైపు కొట్టారు. చెప్పు అడుగు ఇప్పుడు సరిగ్గా మా వంటింటి కిటికీకి ఎదురుగా వచ్చింది, నేను గిన్నెలు తోముకునే చోటికి. నేను మొక్కల దరిదాపులకి వెళ్ళకూడదు. సలీం ఆ సాయంత్రం ఖర్జూరాల పళ్ళెంతో లోపలికి వచ్చి కూర్చున్నాడు. మా ఆయన ఆయనతో కలిసి కాఫీ తాగుతూ, "చూశావా, నెమ్మదిగా పోతే అన్నీ సర్దుకుంటాయి," అన్నారు నాతో.

సర్దుకోనిది పురుగు ఒక్కటే. ఆఖరి గింజలు మొలిచాయి, అది మళ్ళీ వచ్చింది. సలీం తల్లి లుబాన్ కుంపటిలో బూడిద రోజూ గోడమీంచి అందించేది. అత్తగారు దాన్ని కళ్ళకద్దుకుని మొలకల మీద చల్లేది. మా పెరడంతా గుడిలా ఘుమఘుమలాడేది. బూడిద కొంత పనిచేస్తుంది, ఆ మాట నేను ఒప్పుకుంటాను. కానీ పొద్దున్న చల్లిన బూడిదని సాయంత్రం బియ్యం నీళ్ళతో ఆవిడే కడిగేసేది. నేను కిటికీలోంచి, చెప్పు పక్కనుంచి, చూస్తూ ఉండేదాన్ని. ఒక్కో చిల్లూ పడుతుంటే నా చేతిలో సుద్దముక్క ఒక్కో గోరంత అరిగిపోతున్నట్టుండేది. స్కూలువాళ్ళు ఫోన్ చేసి మాట ఖాయం చెయ్యమన్నారు. నాలుగు రోజులాగమన్నాను.

ఆ రోజు పిల్లకి ఉయ్యాల మీద దోమతెర సర్దుతుంటే తోచింది. ఎదురు వాదిస్తే గెలవనని తెలిసింది కాబట్టి, వాళ్ళ వాదాన్నే కొంచెం ముందుకి తోశాను. గొంతు తగ్గించి, అలవాటు లేని వినయంతో, "అత్తయ్యా, నాకొకటి భయంగా ఉందండీ. ఈ వంటింట్లో నించున్నా నా కళ్ళు అటే పోతున్నాయి. చెప్పు ఒక్కటీ ఆపుతుందంటారా? అడ్డంగా ఏదన్నా తెర కడితేనో?" అన్నాను.

ఆవిడ నన్ను తేరిపార చూసింది. పెళ్ళయ్యాక నా మాట విని ఆవిడ తలూపడం అదే మొదలు. "ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది," అని సలీమమ్మని కేకేసింది. ఆవిడ ఖర్జూరపు మట్టల ఈనెలు తెచ్చి విల్లుల్లా వంచి పాతింది. ఈవిడ దోమతెర పరిచి, అంచులు ఇసకలో పూడ్చి, పురుగు కాదు కదా గాలి కూడా అడిగి లోపలికెళ్ళాల్సినట్టు బిగించింది. ఏ వ్యవసాయ కాలేజీ కూడా అంతకంటే బాగా కట్టదు. మర్నాడు ఎర్ర పురుగులు తెర మీద వాలి, అటూ ఇటూ నడిచి, లోపలున్న పచ్చటి ఆకుల్ని చూస్తూ కూర్చున్నాయి. నేనూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. వాటికీ నాకూ ఆ ఇంట్లో ఒకటే హోదా.

తీగె పైకెక్కి పూతకొచ్చాక తెర తియ్యాలి, లేకపోతే కాయ కట్టదు. దానికింకో యుద్ధం. ఆనప పువ్వు సాయంత్రమే విచ్చుతుంది కనక, చీకటి పడే వేళ తీస్తే నా చూపు ఆనదని చెప్పి ఒప్పించాను. హామీగా నా కళ్ళజోడు అడిగారు. రోజూ పొద్దుగూకే మగ్రిబ్ అజాన్ వినిపించగానే నా కళ్ళజోడు పుచ్చుకుని కొంగున కట్టుకునేది అత్తగారు. అప్పుడు తెర లేచేది. తెల్లటి పువ్వులూ వాటిమీద వాలే రెక్కల పురుగులూ నాకు మసగ్గా, ఎవరో చెబుతున్న కథలా కనిపించేవి. మొదటి పిందె నిలిచిందని నాకు చూపించలేదు. కాయ కోసి, సగం సలీం వాళ్ళింటికి పంపి, మిగతా సగం పాలు పోసి వండి నా కంచంలో వడ్డించాకే తెలిసింది. "బళ్ళో ఎప్పుడు చేరాలే నువ్వు?" అంది, కూర వడ్డించిన చేత్తోనే పిల్లని తీసుకుంటూ.

ఆవిడ ఉండిపోయింది. పిల్ల పెద్దదయ్యేదాకా, తను మంచాన పడేదాకా, ఈ ఇంట్లోనే, మా మధ్యనే ఉండి పోయింది. అన్నాళ్ళూ ప్రతి చలికాలం నేను స్కూల్లో తరగతి తర్వాత తరగతికి మొక్కలూ కీటకాలూ బోధించాను. ఇంట్లో కొత్తిమీర మడి పక్కకి కూడా నన్ను పోనివ్వలేదు. కాగితప్పూల తీగ ఎప్పుడల్లుకుందో, చెప్పు దాని కిందకి ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. నాకేసి చూడటం అది మానిందనుకున్నాను.

ఇప్పుడు ఇక్కడి తెలుగు ఆడవాళ్ళకి మొక్కల వాట్సాప్ గ్రూపు ఉంది. ఆకు ఫొటో తీస్తే రోగం పేరు చెప్పే యాప్ ఉంది. పసుపు రంగు జిగురు అట్టలూ, వేపనూనె స్ప్రేలూ, సూపర్ మార్కెట్లో అన్నీ ఉన్నాయి. మా పైవాటా శ్రావ్య ఈ చెప్పు కథ విని, "అయ్యో ఆంటీ, ఎంత మూఢనమ్మకం!" అని నోటి మీద చెయ్యేసుకుంది. ఆ పిల్ల పొద్దున్నే టమాటా నారు ఫొటో గ్రూపులో పెట్టింది. పక్కన దిష్టి తగలకుండా నీలం కన్ను బొమ్మ. కారు అద్దానికీ అదే గాజు కన్ను. మా అత్తగారు కనీసం తన సొంత చెప్పు వాడింది. ఇంకో సంగతి, ఆ నీలం కన్ను ఎవరికేసి చూస్తోందో ఎవరూ అడగరు. గేటు దగ్గరికొచ్చి, మా అమ్మ మీకేం చేసిందని ఎవరూ నిలదియ్యరు. నచ్చకపోతే చప్పుడు లేకుండా గ్రూపులోంచి వెళ్ళిపోతారు. సలీం కట్టిస్తున్న కొత్త గోడ పాతదానికి రెట్టింపు ఎత్తుంటుందట, పైన కెమెరాలు పెడతారట. ఇక కళ్ళ పని కూడా గోడే చూసుకుంటుంది.

రాజయ్యవాళ్ళు పాత గోడ కూల్చాక, కొత్తది లేవకముందు, రెండిళ్ళ మధ్యా ఏమీ లేకుండా ఉంది. నిన్న సాయంత్రం సలీం తల్లిని చక్రాల కుర్చీలో బయట కూర్చోబెట్టారు. బాగా పెద్దదైపోయింది. కళ్ళలో పొర. ఈసారి గింజలు గోడకి దూరంగా నేనే పెట్టాను, తెర నేనే కట్టాను, వద్దనేవాళ్ళు లేరు కనక. మొలకలు ఆవిడకి చూపిద్దామనిపించి కుర్చీని దగ్గరికి తోశాను. చెప్పు చేతికిచ్చాను. వేళ్ళతో తడిమి, తెగిన బద్దీ తగలగానే గుర్తుపట్టింది. ఒళ్ళో పెట్టుకుని, పళ్ళు లేని నోటితో చాలాసేపు నవ్వింది. "నీ అత్త," అని మాత్రం అంది హిందీలో.

నేను వంగి తెర అంచు ఇసకలోంచి పైకి తీశాను. ఆనప మొలకలు, బొద్దుగా, చేతులు జోడించుకుని ఉన్నాయి. ఒక దళం కింద ఏదో ఎర్రగా కనిపించినట్టై మొహం దగ్గరికి పెట్టానో లేదో, ఒక చల్లటి చెయ్యి నా గడ్డం పట్టుకుంది. గోరింట ఇంకా పెట్టుకుంటోంది. నా మొహాన్ని మెల్లగా, గట్టిగా, రోడ్డు వైపుకి తిప్పేసింది.

"నువ్వు అటు చూడు," అంది.

క్లాసు రూములో నేనెంత గుడ్లురిమినా పిల్లలు నవ్వుతారు. మా ఆయన నా చూపు సంగతి పట్టించుకోవడం మానేసి చాలా కాలమైంది. కూతురు వీడియో కాల్లో నా మొహం కూడా సరిగ్గా చూడదు. నేను కన్నెత్తి చూస్తే ఒక ప్రాణం వాడిపోతుందని నమ్మినవాళ్ళు ఈ భూమ్మీద ఇద్దరే. వాళ్ళలో ఒకరు మిగిలి, పొరలు కమ్మిన కళ్ళతో మొలకల మీదకి వంగి, మాషా అల్లా, మాషా అల్లా అంటున్నారు. వాదించడానికి నా దగ్గర కావల్సినంత సైన్సుంది. వాదించలేదు. రోడ్డు మీద పోయే కార్లకేసి చూస్తూ నిలబడ్డాను.

"ఎంతసేపమ్మా?" అని అడిగాను.

"కాయ కాసేదాకా," అంది.